పునాది ఏ కోర్టులో?

సీనియర్: లిటిగేషన్‌లోకి వచ్చిన పిల్లలు తమ గురించి రాసుకునే వివరాలు ఈమధ్య చాలా చూస్తున్నానమ్మా. చదివిన లా యూనివర్సిటీ పేరుంటుంది. మూట్ కోర్టుల్లో గెలిచిన కప్పులుంటాయి. ఫలానా జడ్జిగారి దగ్గర లా క్లర్కు, ఫలానా కౌన్సిల్ ఆఫీసులో రిట్లు, ఆర్బిట్రేషన్లు అని ఉంటుంది. నేను వెతికేది మాత్రం కనబడదు. ఈ మనిషి సొంతంగా ఎందరు సాక్షుల్ని చీఫ్ చేశాడు? ఎందరిని క్రాస్ చేశాడు? ఒక్క దస్తావేజైనా ఎగ్జిబిట్‌గా మార్కు చేయించాడా? సూటిగా చెబుతాను. కోర్టులో బతకాలనుకునే వకీలు మొదటి ఐదేళ్లు జిల్లా కోర్టులో, ట్రయల్ సైడు గడపాలి. కేసులో వాస్తవం తేలేది అక్కడే. రెండో అప్పీలు దాకా వెళ్లావనుకో, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 ప్రకారం ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటేనే హైకోర్టు వింటుంది. కింద రికార్డులోకి ఎక్కనిది పైన ఎంత గొప్పగా మాట్లాడినా పనికిరాదు.

జూనియర్: మీరు చెప్పే జిల్లా కోర్టు ఒకటి, కొత్తవాళ్లు చూసే జిల్లా కోర్టు ఒకటి సార్. పొద్దున పదిన్నరకు కాల్ వర్క్. సీనియర్ గారికి నాలుగు కోర్టుల్లో కేసులుంటాయి. జూనియర్ మూడింట్లో నిలబడి, సార్ పక్క కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇవ్వండి అని అడుగుతుంది. డైరీలో వాయిదా రాసుకుంటుంది. మధ్యాహ్నం కాపీ అప్లికేషన్ వేస్తుంది, అభ్యంతరాలతో రిటర్నయిన కాగితాలు సరిచేసి మళ్లీ ఫైల్ చేస్తుంది. సాయంత్రం సీనియర్ చెప్పింది రాసుకుని టైపు చేయిస్తుంది. రెండో ఏడూ ఇదే, మూడో ఏడూ ఇదే. దీనికి ట్రయల్ అనుభవం అని పేరు. నేను లా క్లర్కుగా ఉన్నప్పుడు భూసేకరణ, సర్వీసు, మున్సిపాలిటీ కూల్చివేతలు, బెయిలు, పన్ను ఇలా రకరకాల కేసుల కట్టలు చదివాను. రెండు వైపుల వాదనా కుదించి, దేనికి రికార్డులో ఆధారం ఉందో, దేనికి లేదో నోట్ పెట్టాలి. ఏ పేజీ దగ్గర జడ్జి ఆగుతారో, ఎవరు మాట్లాడుతుంటే రాసుకోవడం మానేస్తారో పక్కనుంచి చూశాను. జిల్లాలో పదేళ్లున్నా బల్లకు అవతలి వైపు నుంచి ఆ పని చూసే వీలుండదు.

సీనియర్: కాల్ వర్కును అంత తేలిగ్గా తీసెయ్యకు. నీ కేసు పిలిచేదాకా కోర్టు హాల్లో కూర్చోవాలి కదా, ఆ కూర్చోవడమే చదువు. ఒక ఉదాహరణ చెబుతాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరికి పదిమంది దగ్గర ఉండే కాగితం ఒకటుంది: పొలం స్వాధీనం చేశామని రాసిన అమ్మకపు అగ్రిమెంటు, వంద రూపాయల స్టాంపు మీద. స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే మన దగ్గర దానికి సేల్ డీడుతో సమానంగా స్టాంపు డ్యూటీ పడుతుంది. అది కట్టకపోతే స్టాంపు చట్టం సెక్షన్ 35 కింద ఆ కాగితం సాక్ష్యంలోకి రాదు. రావాలంటే తక్కువైన డ్యూటీ, దానికి పదిరెట్ల పెనాల్టీ కట్టాలి. ఇదంతా పుస్తకంలో ఉంది. ఇక కోర్టులో ఏం జరుగుతుందో చూడు. అవతలి వకీలు చీఫ్‌లో ఆ కాగితం అందిస్తాడు, బెంచ్ క్లర్కు నంబరు వేయబోతాడు. ఆ అరనిమిషంలో నువ్వు లేచి అభ్యంతరం చెప్పాలి. ఏమరుపాటున ఊరుకుంటే అది మార్కవుతుంది. ఆ తర్వాత స్టాంపు చాలలేదనే కారణంతో దాన్ని ప్రశ్నించే వీలు ఏ దశలోనూ ఉండదని సెక్షన్ 36 చెబుతుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ అరనిమిషం తిరిగి రాదు. ఎప్పుడు లేవాలో శరీరానికి తెలియాలంటే, వేరేవాళ్లు లేవడం, లేవకపోవడం రెండూ చూసి ఉండాలి.

జూనియర్: ఒప్పుకుంటాను. హైకోర్టులో కూర్చుని ఆ పొరపాటును పేజీల్లో చదివినప్పుడు, ఆ వకీలు ఎందుకు లేవలేదా అని ఆశ్చర్యపోయేదాన్నే తప్ప, హాల్లో ఎంత వేగంగా గడిచిపోతుందో ఊహించలేదు. కానీ దీనికి రెండో వైపు ఉంది. అదే కాగితం రిజిస్టరు కాలేదు కాబట్టి దేనికీ పనికిరాదని కొట్టేసే కోర్టులున్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 అంత మాట అనలేదు. స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావాలో ఒప్పందానికి సాక్ష్యంగానూ, అనుబంధ ప్రయోజనానికీ వాడుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఆ తేడా చూపించి, పై కోర్టు తీర్పు పెట్టి వాదించేవాళ్లు ఊళ్లో లేకపోతే తప్పే ఆనవాయితీ అవుతుంది. మా సీనియర్ గారు ఇలాగే చేసేవారు అన్న మాటతో తరాలు గడిచిపోతాయి. పైగా 2024 జూలై 1 నుంచి క్రిమినల్ చట్టాలే మారాయి. నిన్నటిదాకా 482 అంటే హైకోర్టులో కేసు కొట్టివేయమని అడిగే సెక్షన్. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 ముందస్తు బెయిలు, కొట్టివేతకు 528. ముప్పై ఏళ్ల జ్ఞాపకం ఒక్క రాత్రిలో తికమకపడింది. ఇలాంటప్పుడు చదివే అలవాటున్న కొత్తవాళ్లే ఆఫీసుకు ఆసరా.

సీనియర్: నంబర్లు మారాయమ్మా, నిజమే, నేనూ పుస్తకం పక్కన పెట్టుకునే కోర్టుకు వెళుతున్నాను. కానీ క్రాస్ మారలేదు. సెషన్స్ కేసులో ప్రత్యక్ష సాక్షి వచ్చి, ముద్దాయి చేతిలో కత్తి చూశానంటాడు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ఆ ముక్క లేదు. నువ్వేం చేస్తావు? వాదనలప్పుడు చెబుదాంలే అనుకుంటే అయిపోయింది. సాక్షి బోనులో ఉండగానే, ఈ మాట పోలీసులకు చెప్పలేదు కదా అని అడగాలి. చెప్పానంటాడు. అంతటితో సగమే. తర్వాత దర్యాప్తు అధికారి సాక్ష్యానికి వచ్చినప్పుడు, ఆ సాక్షి తన దగ్గర ఆ మాట చెప్పలేదని ఆయన నోటితో రాబట్టాలి. చెప్పినదానికి విరుద్ధంగా చెబితే, వాంగ్మూలంలోని ఆ వాక్యం చూపించి, దాన్ని డి సిరీస్‌లో మార్కు చేయించాలి. ఇప్పుడది సాక్ష్య అధినియమం సెక్షన్ 148, ఒకప్పుడు 145. ఈ రెండు మెట్లలో ఏది తప్పినా ఆ తేడా రికార్డులో ఉండదు. అంతకంటే కష్టమైనది ఇంకోటుంది, ఏ ప్రశ్న అడగకూడదో తెలియడం. సాక్షి నీకు అనుకూలంగా ఒక మాట జార్చాక, ఎందుకు అని అడిగావో, వాడు సర్దుకుంటాడు. కూర్చోవడం ఎప్పుడో లా క్లర్కు ఉద్యోగం నేర్పదు.

జూనియర్: నేర్పదు. నేనే అంటున్నాను, నేర్పదు. కానీ మీ ఆఫీసులోనైనా ఆ సాక్షిని జూనియర్‌కు ఎవరిస్తారు సార్? ముఖ్యమైన సాక్షి మీకు, మీకు జ్వరం వస్తే వాయిదాకు. జూనియర్‌కు దక్కేది ఫార్మల్ సాక్షి. అది దక్కేదాకా ఆ జూనియర్ ఏం తిని బతకాలి? 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లా నేస్తం పేరుతో కొత్త వకీళ్లకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ డబ్బుకు అర్జీ పెట్టుకున్నవాళ్లను చూస్తే తెలుస్తుంది, సీనియర్ ఆఫీసులు ఏమిస్తున్నాయో. 2024 జూన్‌లో మద్రాసు హైకోర్టు పెద్ద నగరాల్లో నెలకు 20,000, మిగతా జిల్లాల్లో 15,000 కనీస స్టైపెండ్ ఉండాలంది. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా పట్టణాల్లో 20,000, పల్లె ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని సీనియర్లకు చెప్పింది. చెప్పింది అంతే, తప్పనిసరి చెయ్యలేదు. సుప్రీంకోర్టు లా క్లర్కుకు అదే ఏడు ప్రకటించింది నెలకు 80,000. అమ్మానాన్నలకు డబ్బు పంపాల్సిన అమ్మాయి వీటిలో ఏది ఎంచుకుంటుంది? ఎంచుకున్నాక ఆమెకు పునాది లేదని మీరే అంటారు.

సీనియర్: డబ్బు సంగతిలో నీదే న్యాయం. మా తరంలో సీనియర్ భోజనం పెట్టి, పండక్కి బట్టలు పెడితే గొప్ప. అదే న్యాయమని ఇప్పుడూ అనేవాళ్లున్నారు, నేననను. కానీ నీ లెక్కలో రెండు అంకెలు తప్పిపోయాయి. మొదటిది, చిన్న పట్నంలో సీనియర్ ఆదాయం. పార్టిషన్ దావా క్లయింటు వకాల్తా మీద సంతకం పెట్టిన రోజు కొంత ఇస్తాడు, మిగతాది పంట చేతికొచ్చాక. ఆ దావా పదేళ్లు నడుస్తుంది. గుమాస్తాకు జీతం, ఆఫీసు అద్దె పోగా ఇద్దరు జూనియర్లకు 15,000 చొప్పున ఇమ్మంటే చాలామంది జూనియర్లనే పెట్టుకోరు. రెండోది, లా క్లర్కు దాకా వెళ్లే దారి ఖరీదు. జాతీయ లా యూనివర్సిటీ సీటు కోసం ఇంగ్లీషులో కోచింగ్, ఐదేళ్ల ఫీజు, హాస్టలు. లాసెట్ రాసి, ఊళ్లో కాలేజీలో మూడేళ్ల కోర్సు చదివి, తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడికి ఆ తలుపు ఎక్కడుందో కూడా తెలియదు. వాడికి నల్లకోటు తొడిగి బెంచీ మీద చోటిచ్చింది జిల్లా బారే. బొజ్జా తారకం నిజామాబాద్‌లో ప్రాక్టీసు చేసి, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లి, ఆ తర్వాత హైదరాబాద్ హైకోర్టులో పేదల వకీలుగా నిలబడ్డారు. ప్రకాశం పంతులు మొదట రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. జిల్లా కక్షిదారుల మధ్య గడించిన ధైర్యమే ఆయన్ను మద్రాసులో నిలబెట్టింది.

జూనియర్: ప్రకాశం పంతులు పేరు మీరే ఎత్తారు కాబట్టి ఒక మాట. సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు హైకోర్టులో వాదించే హక్కు లేదు. అందుకే ఆయన అంత బాగా నడుస్తున్న ప్రాక్టీసు వదిలి ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చారు. అంటే ఆనాడూ ప్రతిభ ఒక్కటే చాలలేదు, ప్రతిభను లోపలికి రానిచ్చే పట్టా కావలసి వచ్చింది. ఇప్పుడు చట్టంలో ఆ గ్రేడులు లేవు. 1961 అడ్వకేట్స్ చట్టం అందరినీ ఒకే వరుసలో నిలబెట్టింది. మనసుల్లో మాత్రం ఉన్నాయి. పెద్ద కంపెనీ తన కేసును జిల్లా కోర్టు వకీలుకు ఇవ్వాలంటే ముందు కాలేజీ పేరు అడుగుతుంది. పొన్నవరం రైతుబిడ్డ జస్టిస్ ఎన్.వి. రమణ 1983లో ఎన్‌రోల్ అయి, ఎక్కువగా హైకోర్టులోనే ప్రాక్టీసు చేసి భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మొదటి తరం వకీలుకు పై కోర్టు మూసుకుపోయిన తలుపేమీ కాదు. ఇక ఆడపిల్లల సంగతి. జిల్లా ఆఫీసుల్లో అసలు పని సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా. క్లయింట్లు వచ్చేది, దావా రూపుకట్టేది, సాక్షికి తయారీ జరిగేది అప్పుడే. ఆలస్యమవుతుంది, నువ్వు వెళ్లమ్మా అని మర్యాదగానే అంటారు. ఆ మర్యాదతోనే మా ట్రయల్ చదువు పోతోంది. ఆఫీసులో నేనొక్కదాన్నే ఉంటే, వచ్చిన క్లయింటు నా ఎదురు కుర్చీలో కూర్చుని, వకీలు గారు ఎప్పుడొస్తారని అడుగుతాడు.

సీనియర్: ఆ మర్యాద నేనూ చేశాను. చేసినవాళ్లు మా బారులో చాలామంది. వేళలు మార్చుకోవడం సీనియర్ల చేతిలో పని, క్లయింటు మీద నెట్టడం సాకు. కానీ ఒకటి చెప్పు. ఆ క్లయింటు నిన్ను వకీలుగా ఎప్పుడు గుర్తిస్తాడు? నువ్వు అడ్వకేట్ కమిషనర్‌గా వాడి పొలానికి వెళ్లి, సర్వేయరును వెంటబెట్టుకుని, హద్దురాళ్లు చూసి రిపోర్టు రాసిన రోజు. సర్వే నంబరు కాగితంలో ఒకలా, నేల మీద ఒకలా ఉంటుందని తెలిసేది అప్పుడు. ప్లేంటు షెడ్యూల్లో తూర్పు హద్దు తప్పు రాస్తే, పదిహేనేళ్ల తర్వాత డిక్రీ చేతికొచ్చినా, దాని అమలుకు వేసిన ఈపీలో అమీనా వెళ్లి ఏ నేల అప్పగించాలో తెలియక తిరిగొస్తాడు. గెలిచిన దావా అక్కడ ఓడిపోతుంది. ఆ రిపోర్టులు కొత్తవాళ్లకే ఇస్తారు, వాటికి ఫీజు కూడా కోర్టే నిర్ణయిస్తుంది. ఈ పని నీ హైకోర్టు ఆఫీసులో దొరుకుతుందా?

జూనియర్: దొరకదు. అందుకే నా వాదన జిల్లా కోర్టు వద్దని కాదు. ఆ శిక్షణ ఎవరి ఖర్చుతో, ఎవరి బాధ్యతతో అన్నదే నా ప్రశ్న. దేశం దీన్ని ఎప్పుడూ తేల్చలేదు. అడ్వకేట్స్ చట్టంలో మొదట ఎన్‌రోల్‌మెంటుకు ముందు శిక్షణ ఉండేది, 1973 సవరణలో తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఒక ఏడాది శిక్షణ అని రూల్సు చేసింది. అలాంటి రూల్సు చేసే అధికారం బార్ కౌన్సిల్‌కు లేదని 1999లో సుదీర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2010లో ఆలిండియా బార్ పరీక్ష వచ్చింది. అది చదువును చూస్తుంది, పనిని చూడదు. ఇంకోవైపు, పూర్తికాలపు జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ రూల్ 49. ఆ రూలు అడ్డం పెట్టుకుని, నువ్వు నా ఉద్యోగివి కాదు, శిష్యుడివి అనేవాళ్లున్నారు. సెలవు అడిగితే మాత్రం ఉద్యోగి. మరి ఈ శిష్యరికాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారు?

సీనియర్: సుప్రీంకోర్టే ఇప్పుడు మళ్లీ దానికి విలువ కట్టింది కదమ్మా. జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 1993లో అంది. శెట్టి కమిషన్ సిఫారసు మీద 2002లో తీసేసింది. 2025 మే 20న మళ్లీ పెట్టింది. అంత దూరం వెనక్కి రావడానికి కారణం కూడా చెప్పింది: కోర్టు మెట్లెక్కని పట్టభద్రులను నేరుగా జూనియర్ సివిల్ జడ్జిలుగా తీసుకున్న ఇరవై ఏళ్ల అనుభవం సవ్యంగా లేదు. వకీలుగా వాయిదా అడిగినవాడికే వాయిదా ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలుస్తుంది. నేను చెబుతున్నదీ అదే.

జూనియర్: అదే తీర్పు నా చేతిలోనూ ఉంది సార్. లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా ఆ మూడేళ్లలో లెక్కించమంది. అంటే బల్లకు అవతలి చదువు కూడా చదువేనని కోర్టు ఒప్పుకుంది. ఇక మూడేళ్ల ప్రాక్టీసుకు రుజువు ఏమిటి? పదేళ్ల అనుభవమున్న వకీలు సర్టిఫికెట్ ఇవ్వాలి, అక్కడి ప్రధాన న్యాయాధికారి దాన్ని ధ్రువీకరించాలి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఈ అమ్మాయి ఎందరు సాక్షుల్ని విచారించింది అని ఎవరైనా చూస్తారా? వకాల్తాలో పేరుంటే చాలు. ఈ మాట మొదలుపెట్టింది మీరే, వివరాల్లో క్రాస్ కనబడదని. ఆ సర్టిఫికెట్లోనూ కనబడదు.

సీనియర్: దెబ్బ సరిగ్గా తగిలింది. ఆ సర్టిఫికెట్లు ఇచ్చేది మాలాంటివాళ్లమే. కోర్టు మొహం చూడకుండా కోచింగ్ సెంటర్లో కూర్చున్నవాడికి బంధుత్వం కొద్దీ సంతకం పెడితే, ఆ రూలు ఉండీ లేనట్టే. జూనియర్ డైరీని సీనియర్ నెలనెలా చూడాలి: ఏ కేసు, ఏ దశ, ఏం చేసింది. నేను పెట్టగలిగిన షరతు అది. కానీ నువ్వు ఇందాక అడిగిన ప్రశ్న, సాక్షిని జూనియర్‌కు ఎవరిస్తారన్నది, దానికి నాకు తేలిక జవాబు లేదు. ఆ క్లయింటు నన్ను చూసి వచ్చాడు, నాకు ఫీజిచ్చాడు. హత్య కేసులో వాడి కొడుకు జైల్లో ఉన్నాడు. జూనియర్ నేర్చుకోవాలి కదా అని ముఖ్య సాక్షిని ఇస్తే, అడగకూడని ఒక్క ప్రశ్న అడిగితే, ఆ తండ్రికి నేనేం చెప్పాలి?

జూనియర్: జీతమూ ఉండి, ట్రయలూ ఉండే దారి ఒకటుంది. జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) 2022లో విస్తరించిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ. జిల్లా కేంద్రంలో ఒక చీఫ్, కింద డిప్యూటీలు, వాళ్ల కింద అసిస్టెంట్లు. అసిస్టెంట్ స్థానం కొత్తవాళ్లకే. నెలనెలా డబ్బు వస్తుంది, బయటి కేసులు తీసుకోకూడదు. వకీలును పెట్టుకోలేని ముద్దాయిల పక్షాన రిమాండు, బెయిలు, ట్రయలు అన్నీ వాళ్లే చూస్తారు. ఏడాదిలో అక్కడ దొరికే క్రాసులు ప్రైవేటు ఆఫీసులో ఐదేళ్లకూ దొరకవు. కాలేజీ పేరు అక్కర్లేదు, సీనియర్ బంధువు కానక్కర్లేదు.

సీనియర్: ఆగు. డబ్బున్న తండ్రి కొడుకు కేసులో నేర్చుకోవడానికి నేను ఒప్పుకోలేదు. డబ్బులేని తండ్రి కొడుకు కేసులో నేర్చుకోవచ్చంటున్నావు. అడగకూడని ప్రశ్న అక్కడ అడిగితే శిక్ష తక్కువ పడుతుందా? పెద్దాసుపత్రిలో పేదవాడి ఒంటి మీద డాక్టర్లు చెయ్యి తిప్పుకున్నట్టు, పేదవాడి కేసు మీద వకీళ్లు తయారవ్వాలా?

జూనియర్: ఈ ప్రశ్న నన్నూ వదలదు. కానీ ఆ ముద్దాయికి ఇంతకుముందు ఎవరుండేవారో కూడా చెప్పాలి. ప్యానెల్లో పేరున్న వకీలు, కేసుకు అందే కాస్త ఫీజు, ఛార్జిషీటు ఆ పూటే చదివి క్రాస్. ఇప్పుడు కనీసం ఒక చీఫ్ ఉన్నారు, ఆయన సీరియస్ సెషన్స్ కేసులు తాను చూసుకుని, చిన్న కేసులు అసిస్టెంట్‌కు ఇవ్వగలరు. పక్కన కూర్చుని ఆపగలరు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీరు మీ మొదటి క్రాసులు ఎవరి కేసుల్లో చేశారు? సీనియర్ ఫీజు తీసుకోని కేసుల్లోనే కదా. ఆ క్లయింట్లు పేదవాళ్లే. అప్పుడు దానికి పేరు లేదు, పర్యవేక్షణ కూడా లేదు.

సీనియర్: కోపం రాలేదు. నా మొదటి కేసులు అవే. సీనియర్ పక్కన కూర్చుని కోటు పట్టి లాగేవారు, అదృష్టం. అందరికీ ఆ అదృష్టం లేదు. అయినా నా భయం పోలేదు. చీఫ్ పక్కన కూర్చుంటారన్నావు, ఒక జిల్లాలో అన్ని కోర్టుల్లో ఆయన ఎన్ని చోట్ల కూర్చోగలరు? పర్యవేక్షణ కాగితం మీద ఉండి హాల్లో లేకపోతే, మనం చెప్పుకున్న సర్టిఫికెట్ కథే. కాబట్టి నేను నిలబడేది ఇక్కడ. ట్రయల్ చేయని వకీలు లిటిగేషన్ వకీలుగా పూర్తికాడు. ఆ మాట వెనక్కి తీసుకోను. ఎక్కడ చేశాడన్నదాని కంటే పక్కన ఎవరుండి చేయించారన్నది ముఖ్యం అన్న సవరణకు మాత్రం ఒప్పుకుంటాను.

జూనియర్: నేను నిలబడేదీ చెబుతాను. పై కోర్టులో చదివిన చదువు అలంకారం కాదు. కింద జరిగే తప్పును గుర్తుపట్టడానికి అది కావాలి. ట్రయల్ లేని లోటు నా వివరాల్లో ఉంది, దాన్ని పూడ్చుకోవాలి. కానీ ఏ జీతమూ లేకుండా మూడేళ్లు జిల్లాలో ఉండమనే సలహాను, అద్దె ఎవరు కడతారో చెప్పకుండా ఇచ్చేవాళ్ల మాట నేను వినను. 2024 జూలైలో సుప్రీంకోర్టు జనరల్ అభ్యర్థులకు ఎన్‌రోల్‌మెంటు ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 దాటకూడదంది. చేరడం చవకైంది. నిలబడటం కాలేదు. అందుకే ఈ ఏడాది ఎన్‌రోల్ అయ్యే ప్రతి ఒక్కరూ ఆఫీసులో చేరే ముందు సీనియర్‌ను మొహమాటం లేకుండా ఒక ప్రశ్న అడగాలి: నెలకు ఎంత ఇస్తారు?

సీనియర్: రెండో ప్రశ్న నేను చెబుతాను, అదీ అడగాలి: నా మొదటి సాక్షిని ఎప్పుడు ఇస్తారు? అంకె చిన్నదైనా, గడువు దూరమైనా ఫరవాలేదు, రెండింటికీ జవాబు ఉండాలి. ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునే సీనియర్ ఆఫీసులో చేరవద్దు.